నవంబరు ఒకటి లోపు

అక్టోబరు రెండో వారంలోనే రోయస్ పెల్కీ పెద్ద సముద్రపు రొయ్యలు, లాబ్‌స్టర్లు పట్టే తన బోనులన్నీ ఒడ్డుకు చేర్చేశాడు. ఆ రేవులో మిగతావాళ్లు నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటేదాకా వేట మానరు. ఆయనా ఏనాడూ మానలేదు. నడుం పట్టేసిందని కూతురు థియాతో చెప్పాడు, ఆ పిల్ల నమ్మింది. హైస్కూలు ఆఖరి సంవత్సరం. కాలేజీ దరఖాస్తుల గొడవలో ఇంకేదీ ఆమె తలకెక్కడం లేదు.

తల్లి విడిపోయి ఫ్లోరిడాలో వేరే సంసారం పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా ఇంట్లో ఉన్నది తండ్రీ కూతుళ్లే. తొందరపడి ఎవరికీ మాటివ్వకు, అన్ని కాలేజీలూ ఏమంటాయో చూసి తేల్చుకో అని రోయస్ ఎప్పుడూ చెబుతుండేవాడు. అలాంటి మనిషి ఒక సాయంత్రం సూపు తాగుతూ, ఎక్కడో ఒహాయోలో ఉన్న టెన్‌బ్రూక్ కాలేజీకి ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు పెట్టేయమన్నాడు.

"ఇంకో రెండు కూడా నచ్చాయి నాన్నా. ఒకటి ఇక్కడికి గంట దూరమే."

"దగ్గర్లోది వద్దు," అన్నాడు గిన్నెలోంచి తలెత్తకుండా.

మర్నాడు స్కూల్లో కౌన్సెలర్ మిసెస్ ఎకార్న్ పద్ధతి వివరించింది. నవంబరు ఒకటి లోపు పంపాలి. డిసెంబరులో జవాబొస్తుంది. సీటిస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. అందుకు ఒప్పుకుంటున్నామని థియా, తండ్రి, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేయాలి. మరి తప్పుకునే దారే లేదా అని థియా అడిగింది. కాలేజీ ఇచ్చే డబ్బు సాయం చాలకపోతే వదిలేస్తారనీ, ఇంట్లో పెద్ద కష్టమొస్తే ఎవరూ పట్టుబట్టరనీ చెప్పి, ఏమైనా ఉందా అని ఆవిడ థియా ముఖంలోకి చూసింది. ఏమీ లేదంది థియా. అప్పటికి అలాగే అనుకుంది.

ఆ రోజు నుంచి రోయస్ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అదే అడగసాగాడు. పంపావా? ఇంకెన్ని రోజులున్నాయి? కాఫీ కప్పు ఎడమ చేత్తో ఎత్తుతున్నాడు. ఈదురుగాలిలో కూడా కోటు గుండీలు పెట్టుకోకుండా తిరుగుతున్నాడు. ఒకరోజు కుర్చీలో కునుకు తీస్తుంటే, చొక్కా చాటున భుజం మీది కండ దానంతటదే అదురుతూ కనిపించింది, చర్మం కింద పురుగేదో పాకుతున్నట్టు. లేపి అడిగితే చలి అన్నాడు. హీటర్ వెచ్చగా మండుతూనే ఉంది.

థియా రేవుకు వెళ్లి, పదిహేనేళ్లుగా తండ్రితో పడవ మీద పనిచేస్తున్న లిన్‌వుడ్‌ను నిలదీసింది. అతను చుడుతున్న తాడు కింద పెట్టాడు. ఆగస్టులో బోను నీళ్లలోకి జారుతుంటే, పట్టుకున్న తాడును మీ నాన్న వదల్లేకపోయాడు, వేళ్లు తెరుచుకోలేదు, కాస్తలో తనూ పోయేవాడు అని చెప్పాడు. ఆ తర్వాత మూడుసార్లు పోర్ట్‌లాండ్ ఆసుపత్రికి వెళ్లొచ్చాడట. మిగతాది ఆయన్నే అడగమన్నాడు.

ఇంటికొచ్చేసరికి రోయస్ థియా లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒప్పంద పత్రంలో తన పేరు ఎడమ చూపుడు వేలితో ఒక్కో అక్షరమే కొడుతున్నాడు.

"డాక్టరేమన్నాడు నాన్నా?"

ఆయన పేరు పూర్తిచేశాకే తలెత్తాడు. "కండరాలు చచ్చుబడిపోయే జబ్బట. ముందు చెయ్యి. తర్వాత కాళ్లట. ఆ తర్వాత మాట, మింగడం. రెండేళ్లో మూడేళ్లో అన్నాడు."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"వాళ్లు సీటిచ్చాక. అప్పుడింక నువ్వు వెనక్కి తగ్గడానికి ఉండదుగా. నా మంచం పక్కన కూర్చుంటానని నువ్వు మొండికేస్తే ఆపడం నావల్ల కాదు తల్లీ. ఈ కాగితం ఆపుతుంది."

ఇంట్లో కష్టమొస్తే ఎవరూ పట్టుబట్టరని కౌన్సెలర్ చెప్పిన మాట థియా నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రి ముఖం చూసి మింగేసింది. ఇన్ని వారాల్లో ఆ ముఖం అంత తేలికగా ఎప్పుడూ లేదు. ఆమె కుర్చీ లాక్కుని తన పేరు కొట్టి, పంపేసింది.

"ఇక వెనక్కి తగ్గేది లేదు కదా?"

"లేదు నాన్నా."

డిసెంబరు మధ్యలో సీటొచ్చింది. రోయస్ రేవంతా తిరిగి చెప్పుకున్నాడు. జనవరిలో పడవను లిన్‌వుడ్‌కు అప్పగించాడు. మార్చిలో మెట్లెక్కలేక మంచాన్ని కిందికి దింపించుకున్నాడు. థియా ఏదైనా మాట్లాడబోతే, ఆగస్టులో వెళ్తున్నావు, అంతే అనేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ మాటే ముద్దగా రావడం మొదలైంది.

మేలో థియా కాలేజీకి ఉన్నదంతా రాసింది. అదే రోజు జవాబొచ్చింది. ఎంతో దయగా రాశారు. ఒప్పందం ఆమెను కట్టిపడేయదట. మానుకోవచ్చు, కావాలంటే ఏడాది ఆగి రావచ్చు. ఏదైనా ఆమె ఇష్టమేనట. స్కూలు వెనక పార్కింగులో కారులో కూర్చుని ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివింది. ఇక ఆమెను పంపే కాగితం లేదు, ఆపే కాగితమూ లేదు. ఏడాది గడువు కావాలని రాసి పంపి ఇంటికి బయల్దేరింది.

తండ్రి పక్కన కూర్చుని అంతా చెప్పింది, ఆ కాగితం తనను ఆపలేదని అక్టోబరులోనే తనకు తెలుసన్న సంగతితో సహా. రోయస్ ముఖం గోడవైపు తిప్పుకుని ఏదో అన్నాడు. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి.

థియాకు ప్రతి మాటా అర్థమైంది. ఆగస్టులో వెళ్తున్నావు, అంతే. అర్థం కానట్టే లేచి, ఆయనకు సూపు వెచ్చబెట్టడానికి వంటగదిలోకి వెళ్లింది.