చెయ్యి చాపినంత దూరం

ముందు ఆ రైలు పట్టాల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మడతల పిన్ని ఆపరేషను గది గుమ్మం దాకా వెళ్లి ఎందుకు మొండికేసిందో అర్థం కాదు.

పెద్ద హోటలు వెనక సందులో ఒక లాండ్రీ ఉంది. హోటలు దుప్పట్లు, తువాళ్లు, పనివాళ్ల యూనిఫారాలు అన్నీ అక్కడికే వస్తాయి. లోపల అడుగు పెడితే చాలు, ఆవిరి మొహాన కొడుతుంది. గోడలకి కూడా చెమట పడుతుంది. అక్కడ ప్యాంట్లూ కోట్లూ ఇస్త్రీ చేసే ఆవిడే మడతల పిన్ని. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఓనరు ఆవిడకంటే వయసులో పెద్దే, అయినా ఆయనా పిన్నీ అనే పిలుస్తాడు.

"మా పిన్ని వేసిన మడత మీద నిమ్మకాయ జారిస్తే రెండు చెక్కలవుతుంది" అని మరకలక్క ఊరంతా చెప్పేది. మరకలక్కంటే బట్టల మీద మరకలు తీసే మనిషి, పిన్ని పక్క బల్ల. ఆ ఇద్దరికీ రోజూ ఒక తగవన్నా లేకపోతే అన్నం అరగదు.

అలాంటి పిన్ని, హోటలు గుమ్మం దగ్గర తలుపు తీసే ఆయన ప్యాంటుకి ఒక మడత పక్కనే ఇంకో మడత వేసి పంపించింది. ఆయనా చూసుకోలేదు. పొద్దున్నించీ ఆ జంట గీతలతోనే వచ్చేపోయే దొరలందరికీ తలుపు తీసి, సాయంత్రం తిన్నగా లాండ్రీకి వచ్చాడు.

"పిన్నీ, రైలు పట్టాలు వేశావు, బాగానే ఉంది. బండెన్నింటికి?"

అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది.  కానీ కొంతకాలంగా ఆవిడకి ప్రతి గీతా రెండుగానే కనబడుతోంది. అసలు గీత ఏదో, దాని దెయ్యం ఏదో ఊహించుకుని నెట్టుకొస్తోంది. ఆ రోజు దెయ్యం మీద ఇస్త్రీ పెట్టె నడిపింది.

పిన్నికి ఒక్కతే కూతురు. బస్‌స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని. తల్లీ కూతుళ్లది ఒకే తానులో చింపిన గుడ్డ, మాటకి మాట తగ్గరు. కూతురే సెలవు పెట్టి కళ్లాసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అన్నీ చూసి విడమరిచి చెప్పింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషను చేసి లెన్సు పెట్టాలి. అదొక్కటే కాదు, నల్లగుడ్డు పైపొర బంతిలా గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్కకి నొక్కినట్టుంది, అందుకే గీతలు చెదిరి రెండవుతున్నాయి. దాన్ని సిలిండరు అంటారు. అది కూడా సరిచేసే లెన్సు ఉంది, కాకపోతే దాన్ని కంట్లో సరిగ్గా ఆ ఏటవాలుకే తిప్పి కూర్చోబెట్టాలి.

"ఇంకో మాట," అంది డాక్టరమ్మ. "ఈ లెన్సు మీ సొంత కన్నులా దూరానికీ దగ్గరకీ సర్దుకోదు. ఒక్క దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. వీధి దూరమా, చెయ్యి చాపినంత దూరమా, పుస్తకం దూరమా, మీరే ఎంచుకోవాలి. మిగతా వాటికి కళ్లద్దాలు. అన్ని దూరాలూ కొంచెం కొంచెం చూపించేవి కూడా ఉన్నాయి గానీ, వాటితో దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. మీ కళ్లకి అవి పెట్టించుకోమని నేను చెప్పను. ఇంట్లో మాట్లాడుకుని ఫోను చెయ్యండి."

ఇంట్లో మాట్లాడుకోవడమంటే కూతురు మాట్లాడటమే.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? దూరమే. లోకమంతా దూరమే పెట్టించుకుంటోంది."

"లోకం ఇస్త్రీ చేస్తుందా?"

"అద్దాలు పెట్టుకుని చేసుకో."

"ఆ ముచ్చటా అయిందిగా."

నిజంగానే అయింది. అంతకు ముందు ఏడాది అద్దాలు చేయించుకుంది పిన్ని. ఇస్త్రీ పెట్టె మీట నొక్కితే ఆవిరి బుస్సుమంటుంది, అద్దాలు తెల్లబడిపోతాయి. తుడుచుకునేలోగా కింద గుడ్డ కమురుతుంది. గుడ్డ చూసుకుందామంటే అద్దాలు తెలుపు, అద్దాలు తుడుచుకుందామంటే గుడ్డ నలుపు. చివరికి వాటిని తీసి గోడమేకుకి తగిలించేసింది. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, దుమ్ము చూసుకుంటూ.

కూతురు గొంతు తగ్గించింది. "మొన్న రోడ్డు దాటుతూ బండికి అడ్డంపడ్డావు. వాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. నేను అవతలి పక్క నిలబడి చూస్తున్నా.  నీకేం, నువ్వు చూడలేదుగా."

 బండి రావడం పిన్ని నిజంగానే చూడలేదు.

"ఇంక ఆ పని చాల్లే అమ్మా. ఇంట్లో ఉండు. కిటికీ దగ్గర కుర్చీ వేస్తా. వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చో హాయిగా."

"నేను కిటికీకి కట్టిన పరదానా?"

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు."

"నాలుగోది నీ దూరం చూపుకి కనబడుతోందేమో."

అక్కడితో ఆపి పిన్ని పడుకుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని కూతురు అనుకుంది. రేపు తీరిగ్గా చెప్పొచ్చులే అని తల్లి అనుకుంది. తెల్లారి కూతురు టికెట్ల కిటికీలోంచే ఆసుపత్రికి ఫోను చేసి "దూరం" అని చెప్పేసింది. తల్లికి ఆ ముక్క చెప్పలేదు.

పిన్ని మటుకు తన లెక్కలో తానుంది. లాండ్రీలో బల్ల ముందు రోజూ నిలబడేలాగే నిలబడి, మరకలక్క చేతికి దారం కొస ఇచ్చింది.

"నా కంటి దగ్గర్నించి గుడ్డ దాకా పట్టుకో. గట్టిగా లాగకు."

"కొత్త బట్టలు కుట్టిస్తున్నావా కళ్లకి?"

"నీ నోటికి కూడా కొలత తీసుకుంటా, ఉండు."

కన్ను ఆనిన చోట ఒక ముడి, గుడ్డ ఆనిన చోట ఒక ముడి వేసి, దారాన్ని చుట్టచుట్టి చేతిసంచి లోపలి జేబులో పెట్టుకుంది. ఆపరేషను రోజు డాక్టరమ్మకి ఇద్దామని.

ఆ రోజు రానే వచ్చింది. కంట్లో చుక్కలు వేశారు, పచ్చ గౌను తొడిగారు, తలకి టోపీ పెట్టారు. చేతిసంచి కూతురికిచ్చి బయట కూర్చోమన్నారు. ఆపరేషను గది ముందున్న చిన్న గదిలో నర్సు ఊదారంగు సిరా పెన్ను పట్టుకుని వచ్చింది.

"కూర్చునే ఉండండమ్మా, ఎదురుగా గోడకేసి చూడండి. కంటి మీద గుర్తు పెట్టాలి. పడుకున్నాక కన్ను కాస్త తిరుగుతుంది, అప్పుడు గుర్తు పెడితే లెన్సు ఏటవాలు తప్పుతుంది."

పిన్నికి ఆ మాట భలే నచ్చింది. ప్యాంటుని కూడా నడుము పట్టి వేలాడదీసి కుట్లు కలుపుకున్నాకే బల్ల మీద పడుకోబెట్టాలి. పడుకోబెట్టాక సర్దుదామంటే ఆ మడత వంకర పోయినట్టే. ఈ ఆసుపత్రిలో పని తెలిసినవాళ్లే ఉన్నారని ధైర్యంగా కన్ను తెరిచింది.

పెన్ను దగ్గరికి తెస్తూ నర్సు అలవాటుగా చదివింది. "కుడి కన్ను. సిలిండరు లెన్సు. దూరం చూపు."

పిన్ని తల వెనక్కి తీసుకుంది.

"ఏ చూపు?"

"దూరం అమ్మా. మీవాళ్లే చెప్పారు."

"కన్ను నాది. మావాళ్లెవరు చెప్పడానికి?"

"కదలకండమ్మా, గుర్తు చెదురుతుంది."

"గుర్తే వద్దు. పెన్ను మూత పెట్టేయ్ తల్లీ. నీ మీద కోపం లేదు. డాక్టరమ్మనీ, నా కూతుర్నీ పిలిపించు. ఇద్దరూ వచ్చేదాకా నేను కన్ను తెరవను."

అని రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, గౌను సర్దుకుని, కుర్చీలో దేవతలా కూర్చుంది. బతిమాలారు, గదమాయించారు. తెరవలేదు.

కూతురు పరుగున వచ్చింది. "అమ్మా, ఏంటిది అందరి ముందూ?"

"అందరి ముందు కాబట్టే చెప్తున్నా. ఇంట్లో చెబితే నా మాట నీ గొంతు కింద అణిగిపోతుంది. ఆ సంచీ లోపలి జేబులో దారం ఉంది, తియ్యి."

కూతురు తీసింది. రెండు ముళ్ల తెల్ల దారం. అదేమిటో ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత అర్థమై, దాన్ని వేలికి చుట్టుకుంది.

ఈలోగా డాక్టరమ్మ వచ్చింది. అప్పుడు తెరిచింది కళ్లు. చుక్కల వల్ల అంతా పాలలో ముంచినట్టుంది. అయినా లేచి, పక్కనున్న మంచం అంచునే ఇస్త్రీ బల్ల అనుకుని నిలబడింది. ఎడమ చెయ్యి గుడ్డ మీద ఆనినట్టు, కుడి చెయ్యి పెట్టె పట్టినట్టు, నడుం కొంచెం వంచి.

"ఇదీ నేను నిలబడే తీరు. ఇదిగో నా కన్ను, అదిగో నా మడత. ఆ రెంటికీ మధ్య ఎంతుందో మీరే కొలవండి. నాకు ఆ దూరం కావాలి, రెండు కళ్లకీ అదే. నా పని అక్కడుంది, నా కంచం అక్కడుంది, పక్కన కూర్చుంటే నా కూతురి మొహమూ అక్కడే ఉంటుంది. వీధి చివర నాకేం పనుంది?"

డాక్టరమ్మ కూతురి వేలి నుంచి దారం విప్పించుకుంది. ఒక ముడి పిన్ని కణత దగ్గర పెట్టి, రెండోది మంచానికి ఆనించి చూసింది. తర్వాత టేపుతో ఇంకోసారి కొలుచుకుంది.

"మేము మిమ్మల్నే అడగాల్సింది," అంది. "కానీ నేను చెప్పేది కూడా వినండి. దూరం మసగ్గానే ఉంటుంది. రోడ్డు మీద, బస్సు దగ్గర అద్దాలు తప్పవు. రేపు మనసు మార్చుకుంటే చొక్కా మార్చినట్టు లెన్సు మార్చలేను."

"మార్చమని రాను."

"ఆ పవరు లెన్సు ఇవాళ మా దగ్గర లేదు, తెప్పించాలి. వచ్చే వారం."

"ఇన్నాళ్లూ దెయ్యపు గీతలతో కాపరం చేశా. ఇంకో వారం చెయ్యలేనా?"

కూతురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో, ఇంకేమిటో. "మరి రోడ్డు? ఆ బండివాడు మళ్లీ బ్రేకు వేస్తాడా?"

పిన్ని ఆమె వైపు తిరిగింది. మసకలో కూతురి మొహం కనబడలేదు గానీ గొంతు ఒణకడం వినబడింది.

"రోడ్డు మీద ఆవిరి లేదుగా. అద్దాలు పెట్టుకునే నడుస్తా. మేకుకి తగిలించను, మెడలో వేసుకుంటా. నీ భయం భయమే, కాదనను. కానీ నీ భయానికి నా కళ్లు తాకట్టు పెట్టకే."

  ఇంటికెళ్లాక రెండు రోజులూ కూతురు కూర గిన్నె చప్పుడు చేస్తూనే పెట్టింది.

వారం తర్వాత కుడి కన్ను, అది కుదుటపడ్డాక ఎడమ కన్ను అయ్యాయి. కొన్నాళ్లు ఆవిరి దగ్గరికి పోవద్దంటే ఇంట్లో కూర్చుంది, పళ్లు కొరుక్కుంటూ. ఆ కాసిని రోజులకే కిటికీ మీద ఎంత విసుగొచ్చిందో చెప్పలేం. డాక్టరమ్మ సరేనన్న మర్నాడే లాండ్రీలో ఉంది.

మరకలక్క కావాలనే ఆ తలుపు తీసే ఆయన ప్యాంటే తెచ్చి బల్ల మీద పడేసింది. పిన్ని నడుము పట్టి వేలాడదీసి, కుట్లు కలిపి, బల్ల మీద పరిచింది. పాత మడత కనబడింది. ఒక్కటే. సన్నగా, తిన్నగా, మోకాలి మీదుగా కింద దాకా. పెట్టె ఆనించి మీట నొక్కింది. ఆవిరి బుస్సుమని మొహం కమ్మేసి పోయింది. గీత అక్కడే ఉంది.

"ఏదే నిమ్మకాయ?" అంది పిన్ని.

"ఉండు, బత్తాయి తెస్తా," అంది మరకలక్క.

అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. పొడుగ్గా, మసగ్గా, చేతిలో సంచితో.

"ఎవరండీ? బట్టలివ్వడానికైతే అటు కౌంటరు."

 ఆ మసక నాలుగడుగులు వేసి బల్ల దాకా వచ్చింది. చెయ్యి చాపినంత దూరానికి వచ్చేసరికి కూతురైంది. కంటి కింద అలసట గీతలతో సహా.

"అద్దాలేవి?"

"ఇవిగో, మెడలో."

"వీధిలో పెట్టుకునే వచ్చావా?"

"పెట్టుకునే వచ్చా."

"తెలుసు. బస్సు దిగిన దగ్గర్నించీ నీ వెనకాలే వచ్చి, ఇందాకటి నించీ సందులోనే నిలబడ్డా."

"దొంగమొహమా, పిలవొచ్చుగా."

"పిలిస్తే దొరుకుతావా నువ్వు?" అని కూతురు సంచీలోంచి తన యూనిఫారం ప్యాంటు తీసి బల్ల మీద పెట్టింది. "మడత నిలబడట్లేదు. రాత్రి నేనే చేశా."

పిన్ని దాన్ని ఎత్తి పట్టుకుని ఒక్కసారి చూసింది. తర్వాత ఇంకోసారి చూసింది. ఒక మడత పక్కన ఇంకో మడత, జంటగా, నడుము నుంచి కింద దాకా.

మరకలక్క మెడ సాచి చూసి, బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇదుగో," అంది పిన్ని, ప్యాంటు విదిలించి కుట్లు కలుపుతూ. "రేపోసారి డాక్టరమ్మ దగ్గరికెళ్లి నీ కళ్లు చూపించుకో. ఏ దూరం కావాలో నేను ఫోను చేసి చెప్తాలే."

"అమ్మా."

"జరుగు. ఆవిరొస్తుంది."