మంట వేడి తేల్చినవాడు

కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి. అద్దాలు తుడవాలి. లేజర్ నిలకడగా వెలిగేదాకా ఆగాలి. బర్నర్ ముట్టించాలి. వీటన్నిటికన్నా ముందు గైడ్ రాఘవేందర్ సార్ వచ్చి, మిషన్‌కు బొట్టు పెట్టి అగరుబత్తి వెలిగించాలి. నారాయణగూడ కాలేజీలోని ఆ ల్యాబులో నిరుటిదాకా రోజూ ఇదే వరుస.

లేజర్ వెలుగు వాయువు అణువులకు తగిలి చెదురుతుంది. వాయువు వేడెక్కితే పలచబడుతుంది, చెదిరే వెలుగూ తగ్గుతుంది. ఆ వెలుగును కొలిస్తే సాంద్రత, దాన్నిబట్టి ఉష్ణోగ్రత తెలుస్తాయి. కానీ ఎన్నిసార్లు కొలిచినా మంట గదికన్నా చల్లగా ఉన్నట్టే తేలేది. అందరూ లేజర్‌ను తిట్టుకున్నారు. విజయశ్రీ కూడా.

ఆమెతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న గోవర్ధన్ మాత్రం ఒకరోజు అందరి ముందే అగరుబత్తి ఆర్పేశాడు.

"పొగ రేణువు ఒక్కటి అడ్డమొస్తే కోట్ల అణువులంత మెరుస్తది సార్. వెలుగు ఎక్కువైతే మంట చల్లగున్నట్టు లెక్కొస్తది. తప్పు లేజర్‌ది కాదు."

లెక్క కుదిరింది. సార్ మొహం మాడిపోయింది. ఆ తర్వాత గోవర్ధన్ ఫెలోషిప్ కాగితాల మీద సార్ సంతకం పడనే లేదు. అతను మానేసి, అశోక్‌నగర్ హాస్టల్లో చేరి గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ ప్రయోగం మీద రాసిన పేపర్ జర్నల్‌కు పోవాలి. అందులో గోవర్ధన్ పేరు లేదు. విజయశ్రీ ధైర్యం చేసి అడిగింది.

"మానేసిపోయినోడి పేరు ఎట్ల పెడ్తమమ్మా? నువ్వు జర నీ థీసిస్ సంగతి చూస్కో" అన్నాడు సార్.

ఆ థీసిస్‌కూ ఆయన సంతకమే కావాలి. ఆమె తల దించుకుని బయటికొచ్చింది.

సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరి చాయ్ బండి ముందు గోవర్ధన్ కనిపించాడు.

"ఏందక్కా, మొహం గట్ల పెట్టినవ్?"

"నీ పేరు పెట్టిపియ్యలేకపోయిన రా."

"నీదుందా?"

"ఉంది. తీసెయ్యమని చెప్తా."

"నీది తీస్తే నాది వస్తదా?"

"రాదు."

"మరింకేంది? చాయ్ తాగు. గ్రూప్స్‌ల ఎట్లాగూ నా పేరు మీద ప్రశ్న రాదు" అని నవ్వాడు.

పేపర్ అచ్చయింది. 'గది గాలిలో పొగ లేకుండా జాగ్రత్తపడ్డాం' అని అందులో ఒక్క ముక్క ఉంది. ఆ జాగ్రత్త ఎవరిదో ఎక్కడా లేదు. ఎప్పుడైనా అది మీ కంటబడితే, గోవర్ధన్ అనే పిల్లవాణ్ని ఒక్కసారి తలుచుకోండి.