పోటు వేళ

రేవు గేటు పక్కనున్న బోర్డు మీద ఆటు వేళ, పోటు వేళ సుద్దముక్కతో రాయడం నా పని. పడవలవాళ్లు నా మొహం చూడకపోయినా ఆ బోర్డు చూడందే కదలరు. నాన్న పోయాక ఈ ఉద్యోగం వేయించింది మా బాబాయే. అక్కను వలలు బాగుచేసే షెడ్డులో పెట్టించిందీ ఆయనే. రేవుకు మేనేజరు, మాకు పెద్దదిక్కు.

పోయిన వారం బాబాయి బోర్డు దగ్గర ఆగాడు.

"జీవితంలో ఆటుపోట్లు అంటాం కదా, ఆ మాట ఎలా వచ్చిందే? మీటింగులో చెప్పాలి, నాలుగు ముక్కలు రాసివ్వు."

పొంగిపోయి రాసిచ్చాను. ఆటు అంటే సముద్రం వెనక్కి తగ్గడం, పోటంటే పొంగి రావడం. ఒడ్డున బతికేవాళ్ల మాటను సముద్రం చూడనివాళ్లు కూడా కష్టసుఖాలకు వాడుకున్నారు. వాళ్ల నోట అది భయం. మనకు మాత్రం ధైర్యం. వెళ్లిన నీళ్లు వేళకు తిరిగొస్తాయి, అప్పటిదాకా ఓపిక పట్టాలి, అంతే.

నిన్న మీటింగులో బాబాయి అదంతా పొల్లుపోకుండా చెప్పాడు. అవి నేను రాసిన మాటలని తెలిసి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మా అక్కే. చప్పట్లు ఆగాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అందుకే రేపట్నుంచి వలల షెడ్డు మూసేస్తున్నాం. ఇది ఆటు. ధైర్యంగా ఉండండి."

అక్క నావైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

"నీ మీద ఒట్టక్కా, తెలీదు."

నమ్మలేదు. ఎలా నమ్ముతుంది, మాటలు నావే కదా!

బాబాయిని వరండాలో పట్టుకున్నాను. "నా చేత రాయించి అక్క కడుపు కొడతావా బాబాయ్?"

"నీ ఉద్యోగం పోలేదుగా! నీ మాటలైతే వాళ్లకు ఎక్కుతాయని..."

"షెడ్డు మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదంతా పైవాళ్ల చేతుల్లో ఉందమ్మా."

తెరవరు. నన్ను రాయమన్నప్పుడే ఆయనకా సంగతి తెలుసు. నమ్మించి గొంతు కోశాడు, పైగా కత్తి నా చేతే నూరించాడు. రాత్రి అక్క అటు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

ఈ ఉదయం బోర్డు తుడిచి పడవలవాళ్లకు వేళలు రాశాను. కింద మిగిలిన ఖాళీలో ఇంకో వరుస చేర్చాను.

"వలల షెడ్డు: ఆటు - ఈరోజు. పోటు - మా బాబాయిని అడగండి."

షెడ్డులో మిగిలిన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన అక్క బోర్డు ముందు ఆగి చదివింది. నా చేతిలోని సుద్దముక్క తీసుకుంది. 'మా బాబాయిని' అన్నది అరచేత్తో చెరిపేసి, 'మేనేజరుని' అని రాసింది.