నోరు కట్టేసిన స్టాంపు కాగితం

నేను ఒక స్టాంపు కాగితాన్ని. వంద రూపాయల రకం. నెత్తిన మూడు సింహాలున్నాయి కాబట్టి నన్ను చూస్తే మీరు చెప్పులు విప్పినంత పని చేస్తారు. అక్కర్లేదు. అచ్చేసినవాళ్ళు నన్ను సగం తెల్లగా వదిలేశారు. ఆ ఖాళీలో ఏ మోసం రాసినా కిక్కురుమనకుండా మోయడమే నా ఉద్యోగం.

మండపేటలో స్టాంపు వెండరు పెట్టెలో ఎనిమిది నెలలు పడున్నాను. తోటివాళ్ళు ఇంటి అద్దెలకీ, పొలం కౌళ్ళకీ వెళ్ళిపోయారు. నన్ను ఒక లాయరు గుమాస్తా కొన్నాడు, ఉప్పుడు బియ్యం మిల్లు యజమాని భాస్కరరెడ్డి గారి కోసం.

రెడ్డిగారి బియ్యానికి కంపు. ధాన్యం నానబెట్టే తొట్టిలో నీళ్ళు పులిసిపోయేవి. పంపిన లారీ పంపినట్టే తిరిగొచ్చేది. చివరికి నూకరాజు మేస్త్రీని పిలిపించారు. అతను ఏ మిల్లులోనూ జీతగాడు కాదు. పది పదిహేను మిల్లులు తిరిగి తొట్లు బాగుచేస్తాడు. అదే అతని తిండి. పట్నం కంపెనీల్లో ఇలాంటి మనిషిని కన్సల్టెంటు అని కుర్చీ వేస్తారు. ఇక్కడ గోనె సంచి మీద కూర్చోబెట్టారు.

"ఓ కాగితం రాసుకుందాం మేస్త్రీ. నీ గుట్టు బయటికి పోకూడదు కదా," అన్నారు రెడ్డిగారు.

నూకరాజు మొహం వెలిగింది. తన విద్యకి ఇన్నాళ్ళకి ఒకరు కాగితం రాస్తామన్నారు. "అంటే తవరు ఎవరికీ సెప్పరన్నమాట. అంతేగాండీ?"

"ఎవరూ చెప్పకూడదనే కదయ్యా ఈ రాతంతా."

ఆ 'ఎవరూ'లో తనూ ఉన్నాడని అతనికి తట్టలేదు. జాలిపడకండి. చదివి వినిపించమని అడగడానికి నామోషీ పడ్డాడు. గుమాస్తా అడుగుతుంటే నీళ్ళ వేడి, గంటలు, నీళ్ళు వదిలే వేళ, అన్నీ చెప్పేసి, వచ్చిన ఒక్క సంతకాన్నీ వంకర లేకుండా పెట్టాడు. అవన్నీ నా మీద రాసి, కింద చేర్చింది ఇది: ఈ పద్ధతి మిల్లు సొత్తు. నూకరాజు అయిదేళ్ళపాటు దీన్ని ఎవరికీ చెప్పరాదు, ఎక్కడా వాడరాదు.

నెల తిరక్కుండా రామచంద్రపురం వైపు ఇంకో మిల్లులో నూకరాజు తొట్టిలో చెయ్యి పెట్టి ఉండగా, రెడ్డిగారి మేనేజరు నన్ను పట్టుకెళ్ళి ఆ కింది షరతులు అందరి ముందూ చదివాడు.

"ఆ పద్దతి నేను సెప్పిందే కదండీ," అన్నాడు నూకరాజు.

"అవును. చెప్పావు, సంతకం పెట్టావు. ఇంక నీది కాదు. ఇంకో మిల్లులో వాడితే కోర్టే."

కోర్టు మాట వినగానే ఆ మిల్లువాళ్ళు నూకరాజుకి గేటు చూపించారు. కబురు పాకింది. మిగతా మిల్లులూ పిలవడం మానేశాయి. యాభై రెండేళ్ళ మనిషి ఇప్పుడు లారీల దగ్గర బస్తాలు మోస్తున్నాడు.

ఏడాది గడిచింది. రెడ్డిగారు కొత్త రకం ధాన్యం కొన్నారు. నాలో రాసినట్టే నానబెట్టారు. మళ్ళీ కంపు. నన్ను తెరిచి తొట్టి పక్కనే నిలబడి చదివారు. 'వాసన మారిన వెంటనే నీళ్ళు వదలవలెను' అని ఉంది. మేనేజరు వంగి వాసన చూసి రెండుసార్లు తుమ్మాడు. ఇంక లాభం లేదని నూకరాజుకి కారు పంపారు.

వచ్చాడు. భుజం మీద బస్తాల దుమ్ము. తొట్టి వైపు రెండడుగులు వేసేసరికి ముక్కుపుటాలు కదిలాయి. అతనికి తెలిసిపోయింది. నేను చూశాను.

"ఏం చెయ్యాలో చెప్పు మేస్త్రీ."

"సెప్పకూడదండి."

"మాకు చెప్పొచ్చులేవయ్యా."

"మీకు తప్ప అని రాయలేదంట కదండీ. ఎవరికీ అని రాశారంట. మా కుర్రోడి చేత అడిగించానండి, లాయరు గారి దగ్గర."

"అది నీ మేలు కోసం రాసిందే."

"ఆయ్. మేలు బాగానే జరిగిందండి. లారీ నిలబడుంది, వస్తాను."

కారు కోసం చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. రెడ్డిగారు నన్ను మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నారు. చదవనీండి. ఇంకా నాలుగేళ్ళు నేను చెల్లుతాను. అప్పటిదాకా నూకరాజు బస్తాలు మోస్తాడు, ఈయన కంపు పీలుస్తాడు.