వెనక గోడ

మా ల్యాబులో పనిచేసే రక్షిత చేసిన బిళ్ళ పనికిరాదని నెల కిందట రిపోర్టు రాసింది నేనే. గ్యాసు నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో వేసే ఆ పింగాణీ బిళ్ళ లోపల గ్యాసు తిరగడానికి కంటికి కనపడని సందులుండాలి. వాటిని చూడటం నా పని. బెంగళూరు ల్యాబులో మైక్రోస్కోపు కింద బిళ్ళను పలచటి పొరగా చెక్కడం, ఫొటో తీయడం, మళ్ళీ చెక్కడం. అలా ఆరువందల ఫొటోలు కంప్యూటర్లో ఒకదాని కింద ఒకటి పేరిస్తే లోపలిదంతా నిండు బొమ్మగా కనపడుతుంది. ఆ బొమ్మలో సందులు సగం మూసుకుపోయి ఉన్నాయి. సోమవారం మీటింగులో రక్షిత రెండేళ్ళ పని ఆపేయబోతున్నారు. పాపం అనిపించింది. ఫొటోల్లో ఉన్నదే రాశాను, నాదేం పోయింది అని కూడా అనుకున్నాను.

ముందురోజు ఆదివారం, బంగారు గనుల ఊరు కోరమండల్‌లో మా ఇంట్లో కూర్చుని ఆ ఫొటోలే మళ్ళీ తిప్పుతున్నాను. మా నాయన చిక్కవెంకటప్ప కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. గని మూసేదాకా సర్వే ఆఫీసులో భూమి లోపలి ఒక్కో అంతస్తుకు, అంటే లెవెల్‌కు, ఒక్కో ప్లాను గీసిన మనిషి. టీవీ చూసినా తప్పులు పట్టకుండా ఉండలేడు. నాకు ఒళ్ళు మండి, వెళ్ళి పేపరు చదువుకోమన్నాను. కదిలితేగా! వరసగా పది ఫొటోలు తిప్పించుకుని, ఒక సందులోని బూడిదరంగు మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఇది ఈ లెవెల్‌ది కాదమ్మా. గుంతలోకి తొంగి చూస్తే కనపడే కింది గోడ ఇది. ఇంగ ఈడ రాయి ఉండాదని గీస్తే, లేని అడ్డం పెట్టినట్టే."

నీకేం తెలుసు నాయనా అని విసుక్కున్నాను. చెక్కడానికి ముందే సందుల్లో జిగురు నింపుతాం, వెనక గోడ కనపడే ప్రశ్నే లేదన్నాను.

"నిండిందని నువ్వు చూసినావా?"

చూడలేదు. గాలి లాగేసే డబ్బాలో బిళ్ళను గంటసేపు ఉంచితేనే జిగురు లోపలిదాకా దిగుతుంది. ఆ రోజు ఇంటికొచ్చే మారికుప్పం రైలు తప్పిపోతుందని ఇరవై నిమిషాలకే తీసేశాను. రోజూ రైలెక్కేవాళ్ళ బుద్ధే అంత, ఏ పని చేస్తున్నా కన్ను గడియారం మీదే. ఆ సంగతి రిపోర్టులో రాయనూ లేదు. ఖాళీ సందుల వెనక గోడలన్నిటినీ కంప్యూటరు రాయిగా లెక్కేసింది, నేను సరేనని తలూపాను. సిగ్గుతో నాయన మొహం చూడలేకపోయాను. అన్నిటికీ నస పెట్టే మనిషి ఆ తప్పును అక్కడే వదిలేసి గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ముందు మా ల్యాబు సార్‌కు జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టాను. తర్వాత లక్కూరులో వాళ్ళింట్లో ఉన్న రక్షితకు ఫోన్ చేసి, తప్పు నాదని, కొత్త ముక్కతో మళ్ళీ ఫొటోలు తీస్తానని గడగడా చెప్పేశాను. నాలుగు తిట్లు తిడుతుందని ఎదురుచూశాను.

"ఈ నెలలో నాలుగు తూర్లు కొత్తగా చేసి కాల్చినాను ప్రేమక్కా," అంది. "యాడ తప్పు చేసినానో తెలీక, నా చెయ్యే మంచిది కాదనుకున్నాను."

"ఇరవై నిమిషాలే పెట్టినాను రక్షితా," అన్నాను. "గంట పెట్టాల్సింది."