నాలుకతో తడిపిన ముద్ర

నేను ఒక వెండి ముద్రను. ఇప్పుడు రెండు ముక్కలుగా పడున్నాను కానీ, ఒకప్పుడు నా ముఖం మీద గుర్రమెక్కిన వీరుడు, చుట్టూ ప్రభువు పేరు ఉండేవి. నన్ను చెక్కిన లండన్ కంసాలి మంచివాడు, పని చేస్తూ పాడుకునేవాడు. నా బతుకులో శుభ్రమైన రోజులంటే అవే.

తరవాత వెల్‌మార్ష్ ప్రభువు రోలండ్ చేతిలో పడ్డాను. ఆయన రాజుగారి పినతండ్రి కొడుకు. ఆ సంగతి రోజుకి పదిసార్లు చెప్పుకోకపోతే ఆయనకి తిన్నది అరిగేది కాదు. అప్పట్లో ప్రభువులు సంతకాలు చేసేవారు కారు. పత్రానికి కట్టిన మైనం మీద ముద్ర పడిందంటే ప్రభువు స్వయంగా వచ్చి మాటిచ్చినట్టే. వేడి మైనం అంటుకోకుండా ఆయన ముందు నన్ను నాలుకతో తడిపేవాడు. ఛీ! గొర్రె కొవ్వు, పులిసిన ద్రాక్షసారా, పుచ్చిపోయిన పంటి కంపు. నాకు కడుపంటూ ఉంటే రోజూ కక్కుకునేదాన్ని.

ఒక ఏడు రాజుగారి మీద తిరుగుబాటు లేచింది. మా ప్రభువు కోటకి కాపలాదారైన గిల్బర్ట్ కూడా తిరుగుబాటుదార్లతో కలిసి తలుపులు మూసుకున్నాడు. గిల్బర్ట్ ప్రభువుగారి దాది కొడుకు, ఇద్దరూ ఒకే రొమ్ము పాలు తాగి పెరిగారు. ప్రభువు అభయపత్రం రాయించాడు: ‘బయటికి రా. నీ ప్రాణానికి నాది పూచీ.’ నన్ను నాకి, మైనం మీద అదిమాడు. గిల్బర్ట్ ఆ ముద్రని ముద్దు పెట్టుకుని తలుపులు తీశాడు. పొద్దు వాలకముందే కోటగోడకి వేలాడాడు.

అతని భార్య ఎడిత్ పత్రం పట్టుకుని సభలోకి వచ్చింది.

"ప్రభూ, ఈ ముద్ర తమది కాదా?"

"నాదే."

"మరి నా మొగుణ్ణి చంపించారేం?"

"నేనెక్కడ చంపానమ్మా? ఉరి తీసింది రాజుగారి తలారి."

సభంతా పకపకా నవ్వింది. నరం లేని నాలుక అంటారే, నేను దాని తడి మోసినదాన్ని. నా మీద నాకే రోత పుట్టింది. ఎడిత్ ఏడవలేదు. పత్రాన్ని మడిచి గుండెల దగ్గర దాచుకుంది.

"దీన్ని పోనివ్వను ప్రభూ. లోకం చూడాలి" అంది.

ఐదేళ్ళకి మా ప్రభువుకే రాజుగారితో చెడింది. పారిపోయి ఒక మఠంలో దాక్కుంటే, రాజుగారి దగ్గర్నుంచి పెద్ద పచ్చమైనం ముద్రతో అభయపత్రం వచ్చింది.

"వెళ్ళకండి ప్రభూ. గిల్బర్ట్ కూడా ఇలాగే నమ్మాడు" అన్నాడు ముసలి సన్యాసి.

"గిల్బర్ట్ దాది కొడుకు! నాది రాజరక్తం. అన్నదమ్ముడితో ఎవడైనా అబద్ధమాడతాడా?"

నేను ఆయన నడుముకి వేలాడుతూనే వెళ్ళాను. మూడోనాడు ఆయన తల తెగింది. నాకు జాలి కలగలేదు.

ప్రభువు పోతే దొంగపత్రాలు పుట్టకుండా ముద్రని పగలగొట్టడం వాళ్ళ ఆచారం. కమ్మరి రెండు సుత్తిదెబ్బలు వేశాడు. అంత సుఖం నేనెన్నడూ ఎరగను.

ఇప్పుడు మ్యూజియంలో, అద్దాలపెట్టెలో ఉన్నాను. కింద ‘ప్రభువు గౌరవచిహ్నం’ అని రాసిపెట్టారు. చదివిన ప్రతిసారీ కంపరమెత్తుతుంది. నా పక్కనే ఎడిత్ పత్రం ఉంది. ఆమె కూతుళ్ళు, మనవరాళ్ళు తరతరాలుగా పెట్టె అడుగున దాచి తెచ్చి ఇచ్చారట. చూడవచ్చిన జనం మొదట దాన్నే చదువుతారు, ఆ తరవాత నా వైపు చూసి మొహం చిట్లిస్తారు.

ఇంతమందిలో అన్న మాట నిలబెట్టుకున్నది ఎడిత్ ఒక్కతే. ఆమెకి ముద్ర లేదు.