జిల్లేడు మీది పురుగులు

మా ఆయన కోటిలింగానికి నేను నాలుగో భార్యను. మూడో ఆమె జిల్లేడు చెట్టు. ఇద్దరు భార్యలు పోయినవాడికి మూడో పిల్ల కూడా దక్కదంటారు కదా, అందుకని ముందు జిల్లేడుకు తాళి కట్టించి, ఆ తరవాత నా మెడలో కట్టించారు. కట్టాక ఆ చెట్టును నరికెయ్యాలి. మా ఆయన నరకలేదు.

తెనాలి వైపు నుంచి తుంగభద్ర కాలువ కిందికి వచ్చి, బళ్ళారి జిల్లాలో మావాళ్ళు కొత్తగా వరి వేస్తున్న రోజులవి. ఆ చెట్టు మా పాక ఎదురుగానే ఉండేది. దాని ఆకుల నిండా నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు. పొలం నుంచి రాగానే ఆయన కాళ్ళైనా కడుక్కోకుండా వాటి ముందు గొంతుకూర్చునేవాడు. నావైపు చూసేవాడు కాదు.

నాట్లకు వచ్చే సిద్దక్క ఒకరోజు అడిగేసింది. "తాళి కట్టినాక కొట్టేయల్ల కదప్పా, ఇంకా పెట్టుకోనుండావేంది?"

"ఇవి పెద్దయితే ఏమవుతాయని మా సరోజిని అడిగేది," అన్నాడాయన. "ఇద్దరం కనిపెట్టుకుని చూశాం. బలిశాక ఎటో పోతాయి. తెలిసేలోపల తనే పోయింది. ఆ సంగతి తేలాక కొట్టేస్తాను."

సరోజినీదేవి రెండో భార్య. నాకు ఒళ్ళు మండింది. బతికున్నదానితో పోట్లాడవచ్చు, పోయినదానితో ఏం పోట్లాడను? ఆ సంగతేదో తేలిపోతే ఈయన ఇంట్లోకి వస్తాడని, ఆయన పొలం వెళ్ళగానే నేనే కాపలా కూర్చున్నాను. ఆ ధ్యాసలో అన్నం కూడా మాడ్చాను.

బాగా బలిసిన పురుగొకటి చెట్టు దిగి, నేల మీద పాక్కుంటూ వచ్చి మా చూరెక్కింది. అక్కడ తలకిందులుగా వేలాడి, మర్నాటికి తోలు విడిచి, పచ్చటి లోలాకులా తయారైంది. ఆయనకు చూపించాను.

"నువ్వు కనిపెట్టావా, హనుమాయమ్మా?" అన్నాడు. నా పేరు ఆయనకు గుర్తుందని అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకు ఆ పచ్చదనం నల్లబడింది. ఒక పొద్దున చిట్లింది. తడి రెక్కలు మెల్లగా సాగాయి. ఇటుక రంగు, కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్లమచ్చలు. గట్ల మీద ఎప్పుడూ తిరిగే సీతాకోకచిలుకే.

"ఇదా?" అన్నాడాయన. "తను మంచం పట్టినప్పుడు ఇది గుమ్మంలోంచి లోపలికి వచ్చేది. ఎంత బాగుందో చూడండి అని నాకు చూపించేది. నువ్వడిగింది ఇదేనే అని చెప్పలేకపోయాను."

గుమ్మంలో కూలబడి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను తాకడం అదే మొదలు. ఆ ఏడుపు ఆమె కోసమని నాకు తెలుసు. అయినా ఆ బరువు నాకు కావాలి. ఎక్కడ తల ఎత్తేస్తాడోనని ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.